తీర్థమలై నుంచి సేలం లెక్కలు చదవడం



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయనను మనమంతా మాస్టారు అనే పిలుచుకున్నాం. నేనూ అలాగే అంటాను. బడిలో చరిత్ర చెప్పడం ఆయన ఉద్యోగం. పాత కరణాల ఇళ్ళకు వెళ్ళి, అటకల మీది కట్టలు దింపించి, ఏది సాగు లెక్కో ఏది జనన మరణాల పుస్తకమో విడదీయించి, దుమ్ము దులిపించి, మళ్ళీ ఆ ఇంటివాళ్ళ చేతికే అప్పగించి రావడం ఆయన వ్రతం. ఒక్క కాగితం కూడా తన ఇంటికి తెచ్చుకోలేదు. మాబోటి వాళ్ళం ఆ కట్టల్లోంచి అంకెలు రాసుకుని సంబరంగా వెళ్ళి చూపిస్తే, ముందు ఆ అంకె ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఏ రోజున రాశారు అని అడిగేవారు. జవాబు చెప్పలేకపోతే నోటుపుస్తకం మూసి ఇచ్చేసేవారు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నలకు జవాబు వెతకడమే.

తీర్థమలైకి మున్సిపాలిటీ లేదు. ఈ కొండ, కొండ మీది తీర్థగిరీశ్వరుడు, రామతీర్థం, కింద ఈ ఊరు ఒకప్పుడు సేలం జిల్లా ఊత్తంగరై తాలూకాలో ఉండేవి. అలాంటి చోట నిలబడి సేలం పురపాలక సంఘం లెక్కల గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కాని పట్నం లెక్క పల్లెను వదిలి అర్థం కాదు, పల్లె లెక్క పట్నాన్ని వదిలి అర్థం కాదు. సేలంలో తగ్గినవాళ్ళు ఎక్కడో పెరిగి ఉండాలి. సేలంలో చనిపోయినవాళ్ళలో ఎందరో తీర్థమలై లాంటి ఊళ్ళవాళ్ళే అయి ఉండాలి.

చోళుల శాసనాల జోలికి వెళ్ళను. ఆ పని శాసన పరిశోధకులు చేశారు, బాగా చేశారు. 1792లో టిప్పు సుల్తాన్ మన ప్రాంతమైన బారామహల్‌ను కుంపిణీకి వదులుకోవడం, అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో 1799 దాకా ఇక్కడి భూములు కొలిపించి రైతువారీకి పునాది వేయడం మీకు తెలిసిన కథే. వాళ్ళ కాగితాలు బారామహల్ రికార్డులన్న పేరుతో అచ్చులో కూడా ఉన్నాయి. వాటిమీద జీవితాలు గడిపినవారున్నారు. నాకు మాత్రం ఆ కాగితాల్లో శిస్తు కనిపించినంతగా మనిషి కనిపించడు. కాబట్టి 1792 నుంచి మున్సిపాలిటీలు వచ్చేదాకా ఉన్న డెబ్బై ఏళ్ళూ దాటేస్తాను, ఒక్క విషయం తప్ప.

ఆ ఒక్క విషయం ఈ కొండదే. 1864లో కింగ్, ఫుట్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు సేలం ప్రాంతపు మాగ్నెటైట్ ఇనుపరాతి పొరలను వర్ణిస్తూ ఐదు గుంపులుగా విడదీశారు. కంజమలై, గోడుమలై వంటి పేర్లతోపాటు తీర్థమలై కూడా ఒక గుంపు. ఇక్కడి ఇనుపరాయిని కరిగించి, నాగలి కర్రులు మొదలు ఉక్కు దాకా తయారుచేసిన కొలిములు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉండేవి? కుంపిణీ కాలంలో కొలిముల మీద, మగ్గాల మీద, దుకాణాల మీద మొతర్ఫా పన్ను ఉండేది. పన్ను ఉంది కాబట్టి కొలిమి లెక్కకెక్కింది. 1860 దశకం మొదట్లో ఆ పన్ను ఎత్తేశారు. ఆ రోజునుంచి కొలిమి కాగితంలోంచి మాయమైంది. ఊళ్ళోంచి మాయమైంది మాత్రం అప్పుడు కాదు. సీమ ఇనుము చౌకగా దిగడం, 1882 అడవి చట్టం తరవాత బొగ్గుకు కట్టె దొరకడం కష్టమవడం, ఇలాంటివి నెమ్మదిగా చంపాయి దాన్ని. కాగితం చూసి మాత్రమే చరిత్ర రాసేవారు ఇక్కడ కొలిమికి ఇరవై ముప్పై ఏళ్ళ ఆయుష్షు కోసేస్తారు. ఒక అంకె హఠాత్తుగా ఆగిపోతే ముందు అనుమానించవలసింది ఆ అంకెను పుట్టించిన పన్నునే.

ఇక నా పొలంలోకి వస్తాను.

మద్రాసు రాజధానిలో 1865 నాటి పదో చట్టం పట్టణాల మెరుగుదల కోసం వచ్చింది. దానికి ముందే 1861లో భీమునిపట్నం మున్సిపాలిటీ అయింది. కొత్త చట్టం కింద 1866లో సేలం మున్సిపాలిటీ అయింది. అదే ఏడాది గుంటూరు కూడా అయింది. మన తెలుగు పట్టణాలతో సేలాన్ని పక్కపక్కన పెట్టి చదవడానికి వీలు కలిగింది అందుకే: ఒకే చట్టం, ఒకే రకం పద్దులు. 1871లో మూడో చట్టం బడులు, టీకాలు, జనన మరణాల నమోదు వంటి బాధ్యతలను కూడా ఈ సంఘాల నెత్తిన పెట్టింది. ఆ తరవాతే నివేదికల్లో అసలైన సంపద మొదలవుతుంది.

ఏటా అచ్చయ్యే ఆ మున్సిపల్ నివేదికలు చేతిలోకి తీసుకుంటే, ఒక వరసలో ఊళ్ళ పేర్లు, పైన గళ్ళు: ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండ్లూ జంతువుల మీద పన్ను, టోల్‌గేట్ల రాబడి, సంత రాబడి, వీధిదీపాల ఖర్చు, పారిశుధ్యం, ఆసుపత్రి, బడులు, టీకాలు, పుట్టినవారు, పోయినవారు. ఒక్కొక్క గడికీ ఒక్కొక్క స్వభావం ఉంది. ఇంటిపన్ను డిమాండు ఇళ్ళ సంఖ్య కాదు. పన్ను వేయదగనంత చిన్న గుడిసెలు అందులో లేవు. అంటే పట్నంలో అందరికన్నా పేదవాళ్ళు అక్కడ ఇల్లు లేనివాళ్ళే. టోల్‌గేటు రాబడి బండ్ల సంఖ్య కాదు. గేట్లను వేలం వేసేవారు, కాబట్టి అది పాటదారు పాడిన మొత్తం. ఒక ఏడు ఇద్దరు పాటదారులు పంతానికి పోతే రాబడి పెరుగుతుంది. హరూరు వైపు నుంచి ఒక్క బండి ఎక్కువ రాకపోయినా సరే. వర్తకం వృద్ధి చెందిందని రాసిన వ్యాసాలు నేను చదివాను. వృద్ధి చెందింది వేలంపాటే.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది చావుల గడి.

పట్నంలో చావు నమోదు కావడానికి ఒక దారి ఉంది, పల్లెలో ఇంకో దారి. పల్లెలో వెట్టివాడో తలారో చెబితే మునసబో కరణమో రాసుకోవాలి. నెల తిరగ్గానే తాలూకాకు, అక్కడినుంచి జిల్లాకు, అక్కడినుంచి మద్రాసులో శానిటరీ కమిషనరుకు. రోగాల గళ్ళు కొన్నే: కలరా, మశూచి, జ్వరాలు, అతిసారం, దెబ్బలూ ప్రమాదాలూ, ఇతరాలు. వైద్యుడు చూడని ఊళ్ళో రోగం పేరు చెప్పేది తలారి. అతనికి కలరా తెలుసు, మశూచి తెలుసు. అవి ఊరు ఊరంతా గుర్తుపట్టే రోగాలు. మిగతావన్నీ జ్వరమే. అందుకని ఆ పుస్తకాల్లో కలరా, మశూచి గళ్ళను నమ్మవచ్చు. జ్వరాల గడి నుంచి మలేరియా చరిత్ర రాయాలంటే వందసార్లు ఆలోచించాలి. పుట్టుకల గడి చావుల గడి కన్నా బలహీనం. ఆడపిల్ల పుట్టుక ఇంకా బలహీనం. మన మధ్య ఉన్న ఆడపిల్లల తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ నిర్లక్ష్యానికి అంత పాత సాక్ష్యం ఇంకోచోట దొరకదు.

ఇప్పుడు ధాత కరువు.

1876లో ఈశాన్య రుతుపవనం మొహం చాటేసింది. అది ధాత నామ సంవత్సరం. మన తెలుగువాళ్ళు ధాత కరువన్నారు, చుట్టూ ఉన్న తమిళులు తాదు వరుష పంజం అన్నారు. 1878 దాకా సాగింది. 1871 జనాభా లెక్కల్లో సేలం జిల్లాలో 19,66,995 మంది. 1881లో 15,99,595. తేడా 3,67,400. నూటికి పద్దెనిమిది మందికి పైగా లేరు. లేరు అంటున్నాను, చచ్చిపోయారు అనడం లేదు. ఆ తేడాలో చావులున్నాయి, మైసూరు వైపో తోటలకో వలసపోయినవాళ్ళున్నారు, కరువు లేకపోతే పుట్టి ఉండవలసిన పసివాళ్ళున్నారు. మరో సంగతి కూడా ఉంది. కరువుకు ముందు 1871 నుంచి 1876 దాకా జనం పెరిగే ఉంటారు కదా. కాబట్టి నష్టం ఆ తేడా కన్నా ఎక్కువే.

ఇంత నష్టంలో సేలం పట్నం ఏమైంది? 1871లో 50,012. 1881లో 50,667. పట్నం ఆరువందల మందికి పైగా పెరిగింది! జిల్లాలో దాదాపు ఐదుగురిలో ఒకరు లేకుండాపోయిన పదేళ్ళలో, అంకెల ప్రకారం, జిల్లా ముఖ్యపట్టణం ఒక్క మనిషిని కూడా కోల్పోలేదు.

ఈ అంకెను చూసి సంతోషించినవారున్నారు. మున్సిపాలిటీ ఉన్నందువల్ల, ఆసుపత్రి ఉన్నందువల్ల, రైలు ఉన్నందువల్ల సేలం బతికిపోయిందని వారి వాదన. ఆ మాటలో కొంత నిజముంది. 1860 దశకం మొదట్లో వచ్చిన రైలు ధాన్యాన్ని దించిన మాట నిజం. కాని కరువులో పట్నమంటే ఏమిటి? గంజి దొరికే చోటు. బిచ్చం దొరికే చోటు. పల్లెలో పశువులు చచ్చి, గింజ అయిపోయాక, ఊత్తంగరై తాలూకా రైతుకూలీ నడిచి వెళ్ళేది అటే. పట్నం తన వాళ్ళను కోల్పోయింది, పల్లె వాళ్ళతో నిండింది. ఆ 50,667లో 1871 నాటి సేలం కుటుంబాలు ఎన్నో, కరువు తోలుకొచ్చిన కుటుంబాలు ఎన్నో ఆ ఒక్క అంకె చెప్పదు. చావుల పుస్తకంతో కలిపి చదివితేనే అది నోరు విప్పుతుంది. అక్కడా ఒక మెలిక ఉంది. చావును నమోదు చేసేది మనిషి ఊరినిబట్టి కాదు, చచ్చిన చోటునుబట్టి. తీర్థమలై మనిషి సేలం వీధిలో పడి చనిపోతే అతను సేలం చావు. పట్నం మరణాల రేటు ఆకాశానికంటుతుంది, తీర్థమలై పుస్తకం ఖాళీగా ఉంటుంది. పుస్తకాలను నమ్మి చెబితే కరువు సేలాన్ని కొట్టింది, తీర్థమలైని వదిలేసింది! పైగా పల్లెలో ఆ పుస్తకం రాయవలసినవాళ్ళే కరువులో చచ్చారు, లేకపోతే ఊరు వదిలారు. చావులు ఎక్కువైన నెలల్లోనే పుస్తకం మూగబోయింది.

ఇక్కడ ఒక మనిషిని తలుచుకోవాలి. విలియం కార్నిష్ మద్రాసు శానిటరీ కమిషనరు. 1871 జనాభా లెక్కల నివేదిక రాసిందీ ఆయనే. 1877 మొదట్లో వైస్రాయి తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణాకు కుదించాడు. కార్నిష్ ఎదురుతిరిగాడు. ఆ తిండితో కష్టం చేసే మనిషి నిలవడని, చావుల లెక్కలు చేత్తో పట్టుకుని వాదించాడు. ఆయన కరుణ గురించి రాసినవారున్నారు. నాకు ముఖ్యం ఆయన లెక్క. ముందు జనాన్ని లెక్కపెట్టినవాడు కాబట్టి ఎంతమంది తగ్గుతున్నారో చూడగలిగాడు. నమోదు కుప్పకూలిందని ఒప్పుకుని, 1878లో ఎంపిక చేసిన తాలూకాల్లో పరీక్షగా మళ్ళీ తలలు లెక్కించడానికి పూనుకున్నారు. తమ పుస్తకాలను తామే నమ్మకుండా సరిచూసుకున్న ఆ పని గణాంక చరిత్రలో గౌరవించదగ్గది. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ నగరపు చావుల చీటీలను పట్టుకుని మొదటిసారి జనాభా శాస్త్రం రాసినప్పుడూ చేసింది ఇదే: చీటీ రాసిన ముసలమ్మలు ఏ రోగాన్ని ఏమని రాస్తారో ముందు తెలుసుకున్నాడు.

ధాత కరువును చూడటానికి ఇంకో దారి ఉంది, మీలో కుర్రవాళ్ళు ఎవరైనా పట్టుకుంటే సంతోషిస్తాను. కరువులో పుట్టనివాళ్ళు, పుట్టి చచ్చినవాళ్ళు 1881 లెక్కల్లో ఐదేళ్ళలోపు వయసు గళ్ళలో ఉండరు. 1891లో పది పదిహేనేళ్ళ గళ్ళలో ఉండరు. ఆ ఖాళీ పదేళ్ళకొకసారి ఒక మెట్టు పైకెక్కుతుంది. చావుల పుస్తకం కాలిపోయినా వయసు పట్టిక అబద్ధమాడదు.

ఇప్పుడు నా పాత వివాదం. ఈ సభలో కొందరు దీన్ని నా నోట ముందే విన్నారు, మన్నించాలి. ఇంకా తేలలేదు కాబట్టి మళ్ళీ చెబుతున్నాను.

సేలం పట్నం అంకెలు ఇవి. 1891లో 67,710. 1901లో 70,621. 1911లో 59,153. 1921లో 52,244. 1931లో 1,02,179. మొదటి పదేళ్ళు నూటికి పదహారు తగ్గుదల, తరవాతి పదేళ్ళు దాదాపు పన్నెండు తగ్గుదల, ఆపైన పదేళ్ళలో దాదాపు రెట్టింపు.

సేలం చేనేత మీద రాసిన మిత్రులు ఈ తగ్గుదలను తమ వాదానికి మూలస్తంభంగా నిలబెట్టారు. మిల్లు నూలు, మిల్లు గుడ్డ వచ్చి సేలం పేటలైన గుగై, శెవ్వాపేటల్లోని మగ్గాలను చంపేశాయి, దేవాంగులు, సౌరాష్ట్రులు ఊరు వదిలారు, పట్నం కుంచించుకుపోయింది అంటారు. చేనేతకు దెబ్బ తగలలేదని నేను అనను. తగిలింది. మన తెలుగు నేతకుటుంబాలు ఎన్ని ఎక్కడెక్కడికి చెదిరాయో వాళ్ళ ఇంటిపేర్లే చెబుతాయి. నా అభ్యంతరం ఆ అంకెను దానికి సాక్ష్యంగా పిలవడం మీద. ఆ అంకె ఆ నేరం చూడలేదు.

బెంగళూరులో ప్లేగు 1898లో అడుగుపెట్టింది. రాకపోకలు ఎక్కువ కాబట్టి హోసూరు మీదుగా మన జిల్లాకు పాకింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు చలికాలం వచ్చిందంటే సేలానికి గండమే. ప్లేగుకు జనం కనిపెట్టిన మందు ఒకటే: ఎలుక పడగానే ఇల్లు వదలడం. తోటల్లో, పొలాల్లో, చెరువుగట్ల మీద పాకలు వేసుకుని నెలల తరబడి ఉండటం. మున్సిపాలిటీలే ఖాళీ చేయించేవి కూడా. జనాభా లెక్కలు ఎప్పుడు? 1911 మార్చి 10. 1921 మార్చి 18. ఆ కాలపు పద్ధతి ఒక్క రాత్రి లెక్క: ఆ రాత్రి ఎవరు ఎక్కడుంటే అక్కడే లెక్క. నీ ఇల్లు గుగైలో ఉన్నా, ఆ రాత్రి నువ్వు హరూరులో మేనత్త ఇంట్లో ఉంటే నువ్వు హరూరు మనిషివి. ప్లేగు భయంతో ఖాళీ అయిన పట్నాన్ని ఆ రాత్రి లెక్కపెడితే వచ్చేది పట్నం జనాభా కాదు, పారిపోని వాళ్ళ సంఖ్య.

నా మాట నమ్మక్కర్లేదు, కూడిక చేసి చూడండి. మధ్యలోని 1911, 1921లను కాసేపు చేత్తో మూసేయండి. 1901లో 70,621, 1931లో 1,02,179. ముప్పై ఏళ్ళలో నూటికి నలభై ఐదు పెరుగుదల, అంటే ఏడాదికి ఒకటింపావు. 1881 నుంచి 1901 దాకా ఇదే పట్నం ఏడాదికి ఒకటిన్నరకు పైగా పెరిగింది. ఎక్కడా అద్భుతం లేదు, ఎక్కడా ప్రళయం లేదు. ఒక మామూలు వర్తకపు పట్నం మామూలుగా పెరిగింది. చెయ్యి తీసేస్తే మాత్రం ఒక పట్నం ఇరవై ఏళ్ళు చచ్చి, పదేళ్ళలో రెట్టింపై లేచినట్టు కనిపిస్తుంది. నేత చచ్చి పట్నం కుంగిందంటే, 1921 తరవాత పదేళ్ళలో యాభైవేల మందిని ఏ పరిశ్రమ పిలిచింది?

దానికి మిత్రులు మెట్టూరు ఆనకట్టను చూపిస్తారు. ఆనకట్ట పని 1925లో మొదలై 1934లో ముగిసింది, వేలమంది కూలీలు వచ్చారు, నిజమే. వాళ్ళు పడుకున్నది మెట్టూరు పాకల్లో. ఒక్క రాత్రి లెక్క వాళ్ళను అక్కడే లెక్కపెడుతుంది. సేలం ఖాతాలో వేయదు. పట్నం ఎల్లలు పెంచి ఉండవచ్చు కదా అని ఇంకొకరన్నారు. అది న్యాయమైన ప్రశ్న. ఏ వార్డు ఎప్పుడు చేరిందో గెజెట్లు తిరగేసి తేల్చాలి. కాని ఎల్ల పెరగడం పెరుగుదలను వివరిస్తుంది, అంతకుముందు ఇరవై ఏళ్ళ తగ్గుదలను వివరించలేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా చావులు 1921 అంకెలో ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయినా ఇన్‌ఫ్లుయెంజా పట్నం ఒక్కదానికే రాలేదు.

మిత్రులను నేను అడిగేది ఒకటే. చేనేత క్షీణతకు సాక్ష్యం కావాలంటే మగ్గాల లెక్క చూడండి, వృత్తిపన్ను పద్దు చూడండి, ఇంటిపన్ను డిమాండు చూడండి. ప్లేగుకు మనిషి పారిపోతాడు, ఇల్లు పారిపోదు. ఇంటిపన్ను డిమాండు కూడా పదహారు శాతం పడిపోతేనే పట్నం నిజంగా కుంగినట్టు. ఈ సవాలు నేను విసిరి చాలా కాలమైంది. జవాబుగా వచ్చిన వ్యాసాలన్నీ మళ్ళీ ఆ జనాభా అంకెలతోనే మొదలవుతున్నాయి.

కరువు అంకెను, ప్లేగు అంకెను పక్కపక్కన పెట్టండి. కరువు జనాన్ని పట్నంలోకి తోలింది, ప్లేగు పట్నంలోంచి తోలింది. మొదటిసారి పట్నం క్షేమంగా కనిపించింది, నిజానికి జిల్లా నాశనమైంది. రెండోసారి పట్నం నాశనమైనట్టు కనిపించింది, నిజానికి బతికే ఉంది. రెండుసార్లూ అంకె తప్పు కాదు. లెక్కపెట్టిన గుమాస్తా నిజాయితీగానే లెక్కపెట్టాడు. మనం చదవడం తప్పు. సేలంలో కనిపించనివాళ్ళను తీర్థమలై లాంటి ఊళ్ళ వరసల్లో వెతకాలి. 1911లో ఒక చిన్న ఊరు ఉన్నట్టుండి పెరిగితే, అది పెరిగిందా లేక చుట్టాలతో నిండిందా అని అడగాలి. ఈ ఊరి విషయంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. జనాభా లెక్కలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగేవి. ఇక్కడి ఉత్సవం మాసి నెలలో, అంటే అదే కాలంలో. లెక్క రాత్రికీ తిరునాళ్ళకూ మధ్య ఎన్ని రోజులున్నాయో పంచాంగం చూడకుండా తీర్థమలై పెరిగిందనో తరిగిందనో రాయకూడదు.

ఎల్లల మాట వచ్చింది కాబట్టి జిల్లా సంగతి కూడా చెప్పి ముందుకు వెళతాను. 1901లో సేలం జిల్లా జనాభా ఇరవై రెండు లక్షల పైచిలుకు. 1911లో లక్షల్లో పడిపోయింది. ధాత కరువును మించిన ప్రళయం! జరిగిందేమిటంటే 1910లో నామక్కల్ తాలూకాను తిరుచ్చి జిల్లాకిచ్చారు, 1911లో తిరుప్పత్తూరును ఉత్తర ఆర్కాటుకిచ్చారు. నామక్కల్ 1929లో తిరిగొచ్చింది. రిచర్డ్స్ 1918లో రాసిన గెజెటీర్‌నూ, లె ఫాను 1883లో రాసిన మాన్యువల్‌నూ పక్కన పెట్టుకుని చదివేటప్పుడు రెంటిలోనూ సేలం అన్న పేరొకటే, జిల్లాలు రెండు.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. మిగిలిన వందేళ్ళూ పరుగున చెప్పాలి.

1882లో స్థానిక స్వపరిపాలన మీద వైస్రాయి రిప్పన్ తీర్మానం, 1884లో మున్సిపాలిటీలకొకటి, లోకల్ బోర్డులకొకటి చట్టాలు. తీర్థమలై లాంటి ఊళ్ళ రోడ్లు, బావులు, సత్రాలు, తిరునాళ్ళ పారిశుధ్యం ఆ బోర్డుల పద్దుల్లోకి వచ్చాయి. అవి ఎవరూ సరిగ్గా చదవలేదు. సేలం విజయరాఘవాచారి మున్సిపల్ సభ్యుడిగా ఉన్న రోజులు, 1882 అల్లర్ల కేసు, వేరే ఉపన్యాసానికి సరిపడే కథ. కరువు రక్షణగా వేసిన మొరప్పూరు–ధర్మపురి చిన్న రైలు 1906లో వచ్చింది, 1913లో హోసూరు చేరింది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు ఊడబెరికారు. ఆ దారి పొడవునా సంతల రాబడి ఎలా మారిందో బోర్డు లెక్కల్లో చూడవచ్చు. 1917 నుంచి 1919 దాకా రాజాజీ సేలం మున్సిపల్ ఛైర్మన్. మన తొరపల్లిలో పుట్టినవాడు. ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది ఆయన హయాంలోనే. 1937 అక్టోబరు 1న ఆయన ప్రభుత్వమే మద్యనిషేధాన్ని సేలం జిల్లాలో మొదలుపెట్టింది. ఆ ముందూ వెనకా సంవత్సరాల పన్ను, ఆసుపత్రి, నేర లెక్కలు పక్కపక్కన పెట్టి చదివితే మంచి పరిశోధన అవుతుంది.

స్వాతంత్ర్యం తరవాత 1951 నుంచి జిల్లా జనాభా లెక్కల చేతిపుస్తకాల్లో ఊరూరి అంకెలు అచ్చులో దొరుకుతున్నాయి. 1961 జనాభా లెక్కల్లో భాగంగా, వాటి అధికారి నంబియార్ ఆధ్వర్యంలో ఆలయాల మీద, జాతరల మీద కూడా సంపుటాలు వచ్చాయి. 1958 పంచాయతీ చట్టం, 1964లో ధర్మపురి మున్సిపాలిటీ, 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా, 1969లో జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం, 1994లో కొత్త పంచాయతీ చట్టం. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి విడిపోయింది. ఇది మనకు ముఖ్యం. 1901లో సేలం జిల్లాలో దాదాపు ఐదో వంతు మంది తెలుగువాళ్ళు. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు కొత్త జిల్లాకు పోయాక ధర్మపురి జిల్లాలో తెలుగు శాతం పడిపోయింది. 2001 అంకె పక్కన 2011 అంకె పెట్టి ఇక్కడ తెలుగు చచ్చిపోతోందని రాసే వ్యాసాలు వస్తున్నాయి. ఎవరూ ఎక్కడికీ పోలేదు, గీత కదిలింది. తెలుగు నిజంగా తగ్గుతోందా లేదా అన్నది తాలూకా తాలూకాకు విడిగా చూసి చెప్పవలసిన మాట.

చివరి విషయం. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం వంశపారంపర్య కరణాల, మునసబుల ఉద్యోగాలు రద్దు చేసింది. అది న్యాయమైన నిర్ణయమేనని నా అభిప్రాయం. ఆంధ్రలో 1984లో అదే జరిగింది. కాని ఉద్యోగం పోయిన రోజున పుస్తకాలన్నీ ఆఫీసుకు చేరలేదు. చాలా ఇళ్ళలో ఉండిపోయాయి. పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టేటప్పుడు ఆ కట్టలు తూకానికి పోతున్నాయి. మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో సేలం మున్సిపల్ నివేదికలు భద్రంగా ఉన్నాయి, వాటికి భయం లేదు. వాటిని సరిచూడటానికి కావలసిన పల్లె పుస్తకాలకే దిక్కు లేదు. పట్నం లెక్క ఒక్కటీ మిగిలి పల్లె లెక్క పోతే, నా ప్లేగు వాదం నిజమో మిత్రుల నేత వాదం నిజమో ఎప్పటికీ తేలదు.

కాబట్టి ఈ సభను ఒకటి కోరుతున్నాను. హరూరు తాలూకాలో ఏ ఇంట్లో ఏ పుస్తకం ఉందో, అది ఏ ఊరిది, ఏ సంవత్సరాలది అన్న జాబితా వచ్చే మాసి ఉత్సవం లోపల తయారుచేద్దాం. పుస్తకం ఇమ్మని ఎవరినీ అడగవద్దు. మాస్టారు అడగలేదు. ప్రతి పుటా ఫోటో తీసి, ఊరి పేరు, సంవత్సరం రాసి, పుస్తకాన్ని ఇంటివాళ్ళకే ఇచ్చేద్దాం. బతికున్నవారి వివరాలు ఉన్న పుటలు బయటపెట్టవద్దు. మీ ఇంట్లోనో మీకు తెలిసినవారి ఇంట్లోనో అలాంటి కట్ట ఉంటే, సభ ముగియగానే కార్యదర్శి దగ్గర మీ ఊరి పేరు రాయించి వెళ్ళండి.